సత్తు మూతల ఆయప్ప

మొన్న హిందూపురంలో మా మనవడు కారు కడిగించడానికి వాటర్ సర్వీసు దగ్గర ఆపాడు. నన్ను దింపి, నీడలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగెత్తి వచ్చిన బండి. చక్రాలు ఇంకా సెగలు కక్కుతున్నాయి. అక్కడి పనివాడు పైపు పట్టుకుని నేరుగా ఆ చక్రాల మీదికే నీళ్ళు వదిలాడు. నా నోరు ఊరకుండలేదు.

"ఏమప్పా, కొంచేపు చల్లారనీ. కాలే చక్రం మీద నీళ్ళు పడితే మచ్చ తేలతాది. ఆ సబ్బులో సోడా ఏమన్నా ఉండాదా?"

అతను పైపు దించి నన్ను చూశాడు. తర్వాత మా మనవడిని చూశాడు. "ఏమన్నా, అవ్వ మెకానిక్కు పని చేసిందా?" అన్నాడు.

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానే గానీ, ఆ మాటలు నావి కావు. అరవై ఏళ్ళ కిందట ధర్మవరంలో మా అత్తవారింటి ముందర గొంతుకూర్చుని ఒకాయన అంటుండిన మాటలు. ఆయన మాట నా నోట్లో ఇంకా మిగిలి ఉంది. ఆయన ఎప్పుడు పోయాడో మాత్రం నాకు తెలియదు. ఎవరూ కబురు పెట్టలేదు. పెట్టకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు.

ఆయనకు ఒక పేరు ఉండే ఉంటుంది. మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. హిందూపురం స్టేషను ముందర స్టాండులో బాడుగ కారు నడిపేవాడు. పట్టుచీరల మూటలు, మా మామలాంటి నేతపెద్దలు, పెళ్ళివాళ్ళు, ఆస్పత్రికి పోయేవాళ్ళు, ఎవరినైనా సరే ఎక్కించుకుని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య తిరుగుతుండేవాడు. అందరికీ ఆయన "సత్తు మూతల ఆయప్ప". మా వైపు సత్తు అంటే అల్యూమినియం, ఆయప్ప అంటే ఆ మనిషి. సత్తు గిన్నెలు ఇళ్ళలోకి అప్పుడప్పుడే వస్తున్న కాలం. ఈయన గిన్నెలు చేసేవాళ్ళ దగ్గర కూర్చుని, కారు నాలుగు చక్రాలకూ నాలుగు సత్తు మూతలు చేయించుకున్నాడు. చక్రమంతా కప్పేసేంత పెద్దవి. కారు చూస్తే ముసలిది. రంగు వెలిసింది, ఒక తలుపు తాడుతో కట్టి ఉండేది. కాళ్ళకు మాత్రం వెండి కడియాలు తొడుక్కున్నట్లు ధగధగా వచ్చి నిలబడేది.

వచ్చి ఆగగానే ఆయప్ప ఎవరినీ పలకరించేవాడు కాదు. కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఒక్కో చక్రం దగ్గరా వంగి, బిడ్డకు జ్వరం ఉందేమో చూసినట్లు అరచేతి వెనకవైపుతో తాకి చూసేవాడు. తర్వాత వచ్చి మా అరుగు నీడన గొంతుకూర్చునేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. మా అత్త చెంబుతో నీళ్ళు తెచ్చిస్తే తీసుకుని పక్కన పెట్టుకునేవాడు.

"తాగప్పా" అనేది అత్త.

"చల్లారనీ పెద్దక్కా. ఎండన పడి వచ్చినోనికైనా, చక్రానికైనా వచ్చిన గడియనే నీళ్ళియ్యకూడదు."

చల్లారాక అసలు పని మొదలు. ముందు చక్రాలు, తర్వాతే బండి. ఎవరైనా ఎందుకని అడిగితే, "ఇంట్లోకి వచ్చేటోడు ముందు కాళ్ళు కడుక్కుంటాడా, మొగం కడుక్కుంటాడా?" అని ఎదురడిగేవాడు. మూతలు ఊడదీసి వరసగా పరిచి, దుమ్ముకు కుంకుడు రసం, మరకకు పలచటి చింతపండు నీళ్ళు. చింతపండు వేసిన మరుక్షణం కడిగెయ్యాలి. ఇసుక తగలకూడదు, బూడిద తగలకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా సోడా తగలకూడదు. చక్రాలు తుడిచే గుడ్డ వేరు, బండి తుడిచే గుడ్డ వేరు. ఒకదాని పని ఇంకొకటి చేసిందంటే ఆ రోజు ఎవరికో మూడిందన్న మాటే. చివర మెరుపు తేవడానికి మా ఇంటి పట్టు చిక్కు కావాలి. మగ్గం దగ్గర తెగిపడిన పోగులు ఉండ చుట్టి ఆయన కోసం నేను ఒక బుట్టలో వేసి ఉంచేదాన్ని. ఆ ఉండతో ఆయన మెల్లగా, తొందర లేకుండా రుద్దుతుంటే మూతలో మా ఇంటి తలుపు, అరుగు, మా అత్త ముక్కు, అన్నీ కనిపించేవి. ఆయన అందులోనే చూసుకుని మీసం దువ్వుకునేవాడు.

కుక్కలతో ఆయనకు జన్మవైరం. ధర్మవరం కుక్కలన్నిటికీ ఆ కారు తెలుసు. కాలెత్తాలనిపిస్తే ఎంత దూరం నుంచైనా వచ్చి ఆ చక్రం దగ్గరే ఎత్తేవి. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ గులకరాళ్ళు ఉండేవి. మాట మధ్యలో ఆపి, గురి చూసి విసిరి, మళ్ళీ ఆ మాటే అందుకునేవాడు. "కారు తోలేది మానుకోప్పా, కుక్కల్ను తరిమేకి ఊరోళ్ళమంతా జీతమిస్తాం" అని మా మామ ఏడిపించేవాడు. మా మామను ఆయన పెద్దన్నా అనేవాడు. ఇద్దరిదీ ఒకే రకం పిచ్చి. ఈయన చీర అంచు గురించి ఎంతసేపు చెప్తాడో, ఆయన మూత అంచు గురించి అంతసేపు చెప్తాడు. ఒకరు చెప్పేది ఇంకొకరు వినేవాళ్ళని నేను అనుకోను. అయినా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం.

ఒకసారి ఆయన మూతలు తీసి అరుగు మీద పెట్టి, రంగుల అంగడికి పోయి వచ్చేలోపల మా అత్త వాటిని కొత్త పళ్ళేలనుకుని, నాలుగింటి మీదా వడియాలు పెట్టి ఎండకు పెట్టేసింది. ఉప్పు, పులుపు కలిసిన వడియాలు! ఆయన వచ్చి చూశాడు. ఆయన గొంతుకూర్చుని, ఒక్కో మూతా చూసి, "ఆరనీలే పెద్దక్కా. ఆరినాంక చెప్పు, నాకేం తొందర్లేదు" అన్నాడు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, వడియాల మీద వాలే కాకుల్ని కూడా ఆయనే తోలాడు.

అంత ఓర్పు మాకోసం. ఆయన దగ్గర ఒక క్లీనరు ఉండేవాడు. అతని దగ్గరికి వచ్చేసరికి ఈ ఓర్పు ఎక్కడికి పోయేదో తెలియదు. అతను ముప్పై దాటిన మనిషి. సన్నగా, ఎప్పుడూ తలకు గుడ్డ చుట్టుకుని, పిలిస్తే పలికేవాడు. హ్యాండిలు తిప్పి ఇంజను లేపడం, మూటలు మోయడం, బండి కడగడం, అన్నీ అతని పనులే. మూతలను తాకే హక్కు మాత్రం లేదు. ఒకసారి పాపం మంచికే, "అన్నా, సౌటిమన్నేసి తోమితే ఇంగా తెల్లగైతాయేమో" అన్నాడు. మా వైపు బట్టలు సోడా ఉన్న చౌటిమన్నుతో ఉతికేవాళ్ళు. అతనికి తెలిసిన తెలుపు అది.

"నోరు మూసుకోరా! నీ పంచ అనుకుంటివా? వాటి పక్కకొచ్చినావంటే చెయ్యి ఇరగ్గొడతా" అని ఆయప్ప వీధంతా వినపడేలా అరిచాడు.

క్లీనరు నవ్వి ఊరుకున్నాడు. అరుగు మీద కూర్చున్న మేమూ నవ్వాం. అప్పుడు మాకు అది నవ్వులాటగానే తోచింది.

ఆ ఏడు వానలు బాగా పడి చిత్రావతి పారింది. ఏటి అవతలి ఊరికి పెళ్ళివాళ్ళను చేర్చాల్సి వచ్చి, బురదలో పాడవుతాయని ఆయప్ప మూతలు నాలుగూ ఊడదీసి, పాత చీరలో మూటకట్టి మా మామ చేతికిచ్చాడు. "పొద్దు గూకేలోగా వస్తా పెద్దన్నా. నీ దగ్గర ఉంటే నా దగ్గర ఉన్నెట్లే" అన్నాడు.

ఆ రోజు మా ఇంట్లో పట్టు ఉడకేస్తున్నాం. ముడి పట్టు జిగురుతో బిరుసుగా, మురికి పసుపుగా ఉంటుంది. సబ్బూ సోడా కలిపిన నీళ్ళలో ఉడికిస్తే ఆ జిగురంతా పోయి, మల్లెపూవులా బయటికి వస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నా మా మామకు అది ఎప్పటికీ వింతే. పట్టు తీసి దండెం మీద వేశాం. గంగాళంలో నీళ్ళు ఇంకా సలసలా మరుగుతున్నాయి. అప్పుడు మామకు ఆ బుద్ధి పుట్టింది.

"ఆ మూతలు ఇట్ల తేండి. ఆయప్ప వచ్చేసరికి అద్దాలు చేసి పెడతా."

"సోడా తగలకూడదని ఆయప్ప మొత్తుకుంటాడు కదా" అంది అత్త.

"ఆయప్పకేం తెల్సే? పట్టే తట్టుకుంటాది ఈ నీళ్ళకు. పట్టు కంటే మెత్తనిదా సత్తు?"

నేతగాడికి పట్టు కంటే సుకుమారమైనది లోకంలో లేదు. దానికి మేలు చేసే నీళ్ళు ఇంకేదానికైనా మేలే చేస్తాయి. మామ లెక్క అంతే. పొయ్యి ఎగదోయమన్నాడు. నేను ఎగదోశాను.

మూతలు వేయగానే నీళ్ళు బుసబుసమని నురగ కక్కాయి. మామ సంతోషంగా, "చూసినావా, మురికెట్ల ఇడుస్తాండాదో!" అన్నాడు. కర్రతో పైకి తీసేసరికి నాలుగూ పెనం అడుగులా నల్లబడి ఉన్నాయి. మామ మొహం చూడలేకపోయాను. చింతపండు పెట్టి రుద్దాడు, మజ్జిగ పోసి రుద్దాడు, పట్టు చిక్కుతో చేతులు నొప్పిపుట్టేదాకా రుద్దాడు. నలుపు కొంచెం విడిచింది. మెరుపు మళ్ళీ రాలేదు. సత్తు పైన సన్నటి గుంతలు పడి, బూడిద రంగుకు తిరిగింది. చివరికి వాటిని ఆ పాత చీరలోనే మళ్ళీ మూటకట్టాడు. "ఆయప్పకు నేనే నిదానంగా చెప్తాలే" అన్నాడు.

సాయంత్రం కారు వచ్చింది. లోపల పెళ్ళివాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. ఆయప్ప దిగలేదు, స్టీరింగు దగ్గర నుంచే చెయ్యి ఊపాడు. క్లీనరు పరుగెత్తుకొచ్చి మూట అందుకున్నాడు. మామ నోరు తెరిచి, మూసుకున్నాడు. "పోయొస్తాం పెద్దాయనా" అని క్లీనరు మూట గుండెకు అదుముకుని పోయి కార్లో పెట్టుకున్నాడు.

తర్వాత చాలా రోజులకు గానీ ఆ కారు మా వీధికి రాలేదు. వచ్చినప్పుడు ఆయప్ప ఒక్కడే ఉన్నాడు. చక్రాలకు ఆ బూడిద రంగు మూతలే. మామ మగ్గం గుంతలో కూర్చుని, పోగు తోసే నాడె చేతిలో పట్టుకుని, తల ఎత్తకుండా అడిగాడు.

"ఏమప్పా, మీ వాడు యాడ?"

"తరిమేసినా పెద్దన్నా. దొంగనాయాలు, సౌటిమన్నుతో తోమినాడు మూతలు. మొదుట్నించీ వానికదే యావ. రాత్రంతా మూట పక్కన పెట్టుకుని కార్లోనే పండుకున్న్యాడు. పొద్దున ఇప్పి చూస్తే నల్లగ! స్టాండులో అందురి ముందరా చెంప పగలగొట్టినా."

"వాడేమన్న్యాడు?"

"నేను తాకలేదన్నా అన్న్యాడు. ఇంగొక దెబ్బేసినా. మల్లా మాట్లాడ్లే. చేతిలో ఉన్న తుడిచే గుడ్డ మడిచి, బానెట్టు మీద పెట్టి పోయినాడు."

మామ నాడె వేశాడు. పోగు తెగింది. అతుక్కున్నాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ తెగింది. వంటింట్లో నుంచి అత్త గొంతు వినిపించింది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

మామ గుంతలో నుంచి లేవకుండానే చెప్పాడు. సోడా నీళ్ళ దగ్గర నుంచి, మూట తిరిగి కట్టినంత వరకూ. చెప్తున్నంతసేపూ మగ్గంతోనే మాట్లాడుతున్నట్లు చెప్పాడు. ఆయప్ప కేకలు వేస్తాడని నేను గోడకు ఒరిగి నిలబడ్డాను. వేసి ఉంటే బాగుండేది. ఆయన అరుగు మీదికి పోయి గొంతుకూర్చున్నాడు. ఒక కుక్క వచ్చి ముందు చక్రం దగ్గర కాలెత్తింది. చూశాడు, జేబులో చెయ్యి పెట్టలేదు.

నన్ను పిలిచాడు. "అమ్మణ్ణీ, మీ పుట్టినూరు తలుపుల, కదిరి పక్కనే కదా? వాడు కదిరి అవతలోడని ఎప్పుడో అన్న్యాడు. ఊరేందో నేనడగలేదు. మూతల్లో యాడ సొట్ట ఉండాదో కండ్లు మూసుకుని చెప్తా. ఇన్నేండ్లు పక్కన కూర్చున్న్యోని ఊరు తెల్దు నాకు."

అప్పటి నుంచి ఆయనకు అదే పని. కదిరి వైపు బాడుగ వస్తే ఇంకెవరికీ వదిలేవాడు కాదు. ముదిగుబ్బలో టీ అంగడి, కదిరిలో బస్సులు ఆగే చోటు, తనకల్లు సంత, ఎక్కడ ఆగినా అదే ప్రశ్న. ఇంకో క్లీనరును పెట్టుకోలేదు. ఆ వయసులో తనే హ్యాండిలు తిప్పుకుని ఆయాసపడేవాడు. మూతలు మాత్రం మార్చలేదు. గిన్నెలు చేసేవాళ్ళు మళ్ళీ సానపట్టి కొత్తవి చేస్తామన్నా ఒప్పుకోలేదు. ఆ మెరవని మూతలనే ఎప్పటిలాగే చల్లారనిచ్చి, కుంకుడు రసం వేసి, పట్టు చిక్కుతో రుద్దేవాడు. అందులో ఇప్పుడు ఏమీ కనిపించదు. మీసం ఎటో ఒక పక్కకు పోయి ఉండేది. మా మామ ఆ సమయానికి ఇంట్లోకి పోయి ఏదో ఒక పని కల్పించుకునేవాడు. పట్టు ఉడకేసే రోజు వస్తే మొహం గంటు పెట్టుకుని ఉండేవాడు.

ఊరు కనిపెట్టింది మా అన్న. శెనక్కాయల వ్యాపారంతో తలుపుల చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవాడు. నంబులపూలకుంట దగ్గర బావి తవ్వే కూలీల్లో, హిందూపురంలో కారు క్లీనరుగా చేసి వచ్చిన మనిషి ఒకడు ఉన్నాడని కబురు పంపాడు. నేను అప్పుడు బిడ్డతో పుట్టింటికి బయల్దేరుతున్నాను. ఆయప్ప నన్ను ఎక్కించుకుని తలుపుల్లో దింపకుండా, "అమ్మణ్ణీ, కొంచెం రామ్మా నాతో. ఒంటిగా పోయేకి కాళ్ళు రాలేదు" అన్నాడు. బిడ్డను మా అమ్మకిచ్చి, అన్నను వెంటబెట్టుకుని నేనూ పోయాను.

ఎండిన పొలం కయ్యల మధ్య మట్టి కుప్ప, దాని పక్కన బావి. ఆయప్ప గట్టు దాకా వచ్చి పిలవలేక నిలబడ్డాడు. మా అన్నే లోపలికి కేక వేశాడు. అతను తలమీద రాళ్ళ గంపతో మెట్టు మెట్టూ ఎక్కి పైకి వచ్చాడు. ఒళ్ళంతా తెల్లటి దుమ్ము. గంప దించి మమ్మల్ని చూశాడు. మా కంటే ముందు కారు దగ్గరికి పోయాడు. ముందు చక్రం ముందర కూర్చుని, చెయ్యి పంచెకు తుడుచుకుని, ఆ మూత మీద అరచెయ్యి పెట్టాడు. ఇన్నేళ్ళలో అతను దాన్ని తాకడం నేను చూడటం అదే మొదలు.

"ఇంగా మార్పియ్యలేదా అన్నా?" అన్నాడు.

"నువ్వు కాదంట రా" అన్నాడు ఆయప్ప. "నాకు తెల్సింది. చేసింది నువ్వు కాదు."

అతను లేచి నిలబడ్డాడు. "నాకు ఆ పొద్దే తెల్సు కదన్నా" అన్నాడు.

కోపంగా అనలేదు. ఎండగా ఉందన్నట్లు అన్నాడు. ఆ తర్వాత నావైపు తిరిగి, "బాగుండావామ్మా? పెద్దాయన బాగుండాడా?" అని అడిగాడు. బాగున్నాడని చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పడానికి నేను పడ్డ అవస్థ పురిటి గదిలో కూడా పడలేదు.

"రా, పోదాం. నీ సీటు అట్లనే ఉండాది" అన్నాడు ఆయప్ప.

"స్టాండులో చెప్పినావా అన్నా?"

ఆయప్పకు అర్థం కాలేదు.

"నేను చెయ్లేదని ఆడ చెప్పినావా? నన్ను కొట్టింది ఆడ కదా, అందురూ చూస్తాండంగా. ఈడికొచ్చి నాకు చెప్తే ఏమొస్తాదన్నా? ఈడోళ్ళకెవురికీ నేను తన్నులు తినొచ్చినానని తెల్దు. నాకా, ఆ పొద్దే తెల్సు."

ఆయప్ప తల దించుకున్నాడు. కదిరి, తనకల్లు, ఇన్ని ఊళ్ళు తిరిగినవాడు, రోజూ తను నిలబడే స్టాండులో ఆ ఒక్క మాట చెప్పలేదు. క్లీనరు ఇంకాసేపు చూసి, "పనుండాదన్నా" అని ఖాళీ గంప తీసుకుని మళ్ళీ బావిలోకి దిగిపోయాడు.

ఆ తర్వాత నేను పుట్టింటి నుంచి వచ్చాక, మా అరుగు మీద కూర్చుని నాకే చెప్పాడు. స్టాండుకు పోయి అందరినీ పిలిచి నిలబెట్టాడట. మా క్లీనరు తప్పు చెయ్లేదు, నేనే తెలీక కొట్టినా అన్నాడట.

"ఏమన్నారన్నా?" అని అడిగాను.

"ఏ క్లీనరు అన్న్యారమ్మా." ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. "సగం మంది కొత్తోళ్ళు. మిగిల్నోళ్ళకు గుర్తే లేదు. రోజూ ఎవురో ఒకరు ఎవుర్నో ఒకన్ని కొడతానే ఉంటారు కదా ఆడ. గుర్తుండేది వానికి, నాకు. అంతే."

ఊరుకునే మనిషి కాదు ఆయన. స్టాండు వినకపోతే కారెక్కినవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరెక్కినా సరే, పెనుకొండ కొండ కనిపించేలోపల ఆ మాట వచ్చి తీరాల్సిందే. మా దగ్గర ఒక క్లీనరుండేవాడు, బంగారట్లాంటోడు, చెయ్యని తప్పుకు కొట్టినా అని. ముక్కూ మొహం తెలియని వాళ్ళకు! కొందరు ఊ కొట్టేవాళ్ళు, కొందరు నిద్ర నటించేవాళ్ళు. ఆయప్పకు కొంచెం తిక్క పట్టిందని హిందూపురంలో అనుకోవడం మొదలైంది. బాడుగలు తగ్గినా ఆయన చెప్పడం మానలేదు.

ఒకసారి మా బిడ్డకు ఒళ్ళు బాగలేకపోతే హిందూపురం ఆస్పత్రికి నేనూ మామా ఆ కార్లోనే బయల్దేరాం. మామ చీరల మూట కూడా పెట్టుకున్నాడు. వెనక సీట్లో మాతో పాటు ఒక బళ్ళో అయ్యవారు, ముందర బెల్లం మండీ ఆయన ఒకరు. పెనుకొండ ఇంకా రాకముందే ఆయప్ప మొదలుపెట్టాడు. నేను మామ వైపు చూడలేదు. చూడకపోయినా, ఆయన ఊపిరి బిగబట్టిన సంగతి నా భుజానికి తెలుస్తూనే ఉంది.

ఆయప్ప అంతా చెప్పాడు. చెంపదెబ్బ, మడిచిపెట్టిన గుడ్డ, బావి, ఏదీ వదల్లేదు. తనను తాను ఎంత తిట్టుకోవాలో అంత తిట్టుకున్నాడు.

"అట్లయితే ఆ మూతలు పాడు చేసిందెవురప్పా?" అని అడిగాడు మండీ ఆయన.

"ఎవురో, మంచికని చేసినారు లేబ్బా. తెలీక చేసినారు. వాళ్ళ మీద తప్పు లేదు."

"చేసి, చెప్పకుండా ఉండిరే! వాళ్ళు ముందే చెప్పుంటే ఆ క్లీనరు తన్నులు తినేపనే లేదు కదా?" అన్నాడు అయ్యవారు.

ఆయప్ప గేరు మార్చాడు. ఒడిలో బిడ్డ మూలిగింది. మామ ఆ మాట అంటాడని ఎదురు చూశాను. నేనే అని ఒక్క మాట. ఆయన కాకపోతే నేను అనొచ్చు. పొయ్యి ఎగదోసిన చేతులు నావే. పెనుకొండ వచ్చింది, పోయింది. మామ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని దుమ్ము దుమ్ము అన్నాడు. నేను బిడ్డకు చెంగు కప్పాను. ఆయప్ప మమ్మల్ని దాచిపెడుతున్నాడు, ఇన్నేళ్ళు తన పక్కన కూర్చున్న క్లీనరుకు చేయలేని మేలు మాకు చేస్తున్నాడు. ఆ మేలు కింద మా మామ నలిగిపోతున్నాడు. నాకు అది కనిపిస్తూనే ఉంది.

స్టేషను ముందర అందరూ దిగారు. ఆయప్ప ఎప్పటిలాగే తాడు విప్పి తలుపు తెరిచి పట్టుకున్నాడు. బిడ్డ నుదురు తాకి చూశాడు.

"సాయంత్రం ఎన్నింటికి రావల్ల పెద్దన్నా?"

మామ చీరల మూట భుజానికి ఎత్తుకున్నాడు. "ఇంగ మేము బస్సులో పోతాంలేప్పా" అన్నాడు.

ఆయప్ప మామ మొహంలోకి చూశాడు. ఆ మాట ఆ ఒక్క రోజు గురించి కాదని ఆయనకు తెలిసిపోయింది. "అట్లనే కానీ అన్నా" అన్నాడు. ఎందుకని అడగలేదు.